మీటరు తీసేసిన రోజే మోటారు లెక్క కూడా పోయింది

ఈసారి పోస్టు కాస్త పెద్దది. తీరిగ్గా చదవండి.

మొన్న సార్వాకి కాలవ నీళ్ళు ఆలస్యమయ్యాయి. నారుమడి ఎండిపోతుందని డ్రెయిన్లోంచి మోటారు పెట్టి తోడుకున్నాం. పదిహేను రోజుల్లో మోటారు రెండుసార్లు కాలింది. ఒక్కో రీవైండింగుకి ఆరేసి వేలు. రెండోసారి కట్టించి తెచ్చాక మా ఊరి ఎలక్ట్రీషియన్ కుర్రాడు అడిగాడు: "బాబాయ్, ఇది ఎన్ని నీళ్ళు పోస్తుంది? ఎంత కరెంటు తింటుంది? ఎప్పుడైనా చూశారా?" ముప్పై ఏళ్ళుగా మోటారు నడుపుతున్నాను. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

జవాబు మా నాన్న దగ్గర ఉండేది. ఆయన పాత చేతిపుస్తకం ఇంట్లో ఇంకా ఉంది. తేదీ, మీటరు రీడింగు, తడిసిన కుంచాలు, ఎకరాలు వరసగా రాసి ఉంటాయి. నెలాఖరుకి బిల్లు కట్టాలి కాబట్టి రాసుకునేవారు. యూనిట్లు ఎక్కువై తడి తక్కువైతే ఫుట్‌వాల్వు ఊడదీసి చూసేవారు, గ్లాండు తాడు మార్పించేవారు. ఆ పుస్తకంలో 1983 తర్వాత రీడింగులు లేవు. ఎందుకు లేవో వెతుక్కుంటూ పోతే పెద్ద చరిత్రే ఉంది. తెలిసినంతలో అది మీ ముందు పెడుతున్నాను.

లెక్క ఎక్కడ పుట్టింది

మన మోటారు రేకు మీద 'హెచ్.పి.' అని ఉంటుంది కదా. అది జేమ్స్ వాట్ పెట్టిన కొలత. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఇంగ్లండు గనుల్లో ఊరే నీటిని ఆవిరి యంత్రాలతో తోడేవారు. వాట్, ఆయన భాగస్వామి బౌల్టన్ యంత్రం పెట్టి, పాత యంత్రంతో పోలిస్తే మిగిలిన బొగ్గు ఖర్చులో మూడో వంతు తీసుకునేవారు. మిగులు ఎంతో తేలాలంటే కొలవాలి. గుర్రాలతో పనిచేయించే వాళ్ళకి యంత్రం బలం చెప్పాలంటే గుర్రంతోనే పోల్చాలి. అలా పుట్టింది హార్స్ పవర్. ఇప్పటి లెక్కలో 746 వాట్లు. డబ్బు పంచుకోవాల్సి వచ్చింది కాబట్టే కొలత పుట్టింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఆ దేశంలోనే కార్న్‌వాల్ అనే చోట రాగి, తగరం గనులు ఉండేవి. అక్కడ 1811లో జోయెల్ లీన్ అనే ఆయన ఒక పని మొదలుపెట్టాడు. ఏ గనిలో ఏ యంత్రం ఒక బస్తా బొగ్గుకి ఎంత నీటిని ఎంత ఎత్తుకి తోడిందో ప్రతి నెలా అచ్చు వేసి అందరికీ పంచేవాడు. ఎవరి యంత్రం ముందుందో, ఎవరిది వెనకబడిందో ఊరందరికీ తెలిసేది. వెనకబడిన ఇంజనీరు ముందున్న వాడి దగ్గరికి వెళ్ళి ఏం చేశాడో చూసొచ్చేవాడు. పాతికేళ్ళు తిరిగేసరికి ఆ గనుల సగటు రెండింతలు దాటింది. కొత్త యంత్రం కనిపెట్టడం ఎంత ముఖ్యమో, లెక్క పదిమందిలో పెట్టడం అంత పని చేసింది.

కరెంటు మోటారు తర్వాత వచ్చింది. 1821లో ఫారడే కరెంటుతో తీగని తిప్పి చూపించాడు. ఇప్పుడు మన చేలో తిరిగే ఇండక్షన్ మోటారుకి 1888లో టెస్లా పేటెంటు తీసుకున్నాడు. ఆ మరుసటి ఏడాదే డోలివో డోబ్రోవోల్‌స్కీ మూడు ఫేజుల మోటారు తయారు చేశాడు. మోటారు ఎంత పని చేస్తుందో కొలవడానికి బిగించే బ్రేకు మాత్రం అంతకు ముందే ఉంది. ఫ్రాన్సు ఇంజనీరు ప్రోనీ 1821లో తయారు చేశాడు. తిరిగే ఇరుసుకి చెక్క దిమ్మలు బిగించి, ఎంత బరువుతో ఆపగలమో చూడటమే ఆ పద్ధతి.

మన దాకా ఎలా వచ్చింది

మన దేశంలో మోటారు తయారీకి పేరు కోయంబత్తూరు. అక్కడ మన తెలుగువాళ్ళ పాత్ర పెద్దది. తరాల కిందట వలసపోయి ఇంట్లో తెలుగు మాట్లాడుకునే నాయుళ్ళ కుటుంబాల నుంచి వచ్చిన జి.డి.నాయుడు గారు, డి.బాలసుందరం గారు 1937లో మోటారు తయారు చేశారు. దేశంలో తయారైన తొలి కరెంటు మోటారుగా దాన్నే చెప్తారు. అంతకు ముందు 1930ల మొదట్లో పైకారా జలవిద్యుత్తు ఆ ప్రాంతానికి వచ్చింది. అక్కడ సేద్యం లోతు బావుల మీద. కపిల తోలే ఎడ్ల స్థానంలో మోటారు వచ్చింది. అంటే ఆ పంపు పుట్టిందే లోతులోంచి నీళ్ళు పైకి తేవడానికి.

మన సంగతి వేరు. 1855 నాటికి కాటన్ దొర ప్రణాళికతో బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట పూర్తయింది. 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. నీళ్ళు పల్లానికి వాటంతటవే పారతాయి. పామర్రు చుట్టుపక్కల మన తాతలకి యంత్రం అవసరమే పెద్దగా లేదు. మెరక చేలకి గూడ వేసేవారు, యాతం ఎత్తేవారు. తర్వాత ఆయిల్ ఇంజన్లు వచ్చాయి. 1955లో మాచ్‌ఖండ్ కరెంటు మొదలై కోస్తా జిల్లాలకి లైన్లు వచ్చాయి. 1959లో రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. 1979లో ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం తొలి యూనిట్ మొదలైంది. ఇప్పుడు దానికి పేరు పెట్టుకున్న నార్ల తాతారావు గారు బోర్డు చైర్మన్‌గా చేసినవారు, మన పక్కనున్న కౌతవరం మనిషి. ఆ రోజుల్లో మోటారు ఉన్న ప్రతి రైతుకీ మీటరు ఉండేది, బిల్లు ఉండేది, మా నాన్నలా పుస్తకం కూడా ఉండేది.

1983లో ఎన్.టి.రామారావు గారి ప్రభుత్వం వచ్చింది. హెచ్.పి.కి ఏడాదికి 50 రూపాయలు కడితే చాలన్నారు. రైతుకి అది ఎంత ఊపిరి పోసిందో నాకు తెలుసు. 5 హెచ్.పి. మోటారుకి ఏడాది మొత్తం మీద 250 రూపాయలు! మా ఇంట్లో ఆ రోజు పండగే. దాన్ని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. కానీ ఆ రోజు నుంచి ఎన్ని యూనిట్లు కాలినా బిల్లు ఒకటే. మీటరు చదివేవాడు రావడం మానేశాడు, మా నాన్న రాయడం మానేశారు. 'నా యూనిట్‌కి ఎన్ని నీళ్ళు వస్తున్నాయి' అన్న ప్రశ్న మన ఊళ్ళలోంచి అలా వెళ్ళిపోయింది.

తర్వాతది మీకు తెలిసిందే. 1999లో బోర్డు విడిపోయి జెన్‌కో, ట్రాన్స్‌కో అయ్యాయి. 2000 ఆగస్టు 28న ఛార్జీల పెంపు మీద హైదరాబాదు బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. 2004 మే 14న వై.ఎస్.రాజశేఖరరెడ్డి గారు ప్రమాణం చేసిన రోజే ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టారు. 2005 నుంచి దానికి నాలుగు షరతులు పెట్టారు: ఐఎస్ఐ మోటారు, కెపాసిటర్, రాపిడి లేని ఫుట్‌వాల్వు, ప్లాస్టిక్ పైపు. మనలో ఎంతమందికి గుర్తున్నాయి ఇవి? కాగితం మీద అన్నీ ఉన్నట్టే రాసుకున్నాం. నేనూ అంతే. వాటి వల్ల ఎంత మిగులుతుందో చూపించే మీటరు లేనప్పుడు, అవి మనకి పనికొచ్చే వస్తువుల్లా కాకుండా ఆఫీసువాళ్ళు అడిగే కాగితంలా కనపడ్డాయి.

నా మోటారు లెక్క

ఆ కుర్రాడు ఊరుకోలేదు. తన దగ్గరున్న మూడు ఫేజుల మీటరు తెచ్చి తగిలించాడు. నేను వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు గట్టు మీద పెట్టి ఫోన్లో స్టాప్‌వాచ్ పట్టుకున్నాను. మూడుసార్లు నింపాం. సగటున 70 సెకన్లు. అంటే గంటకి సుమారు 51,400 లీటర్లు. కరెంటు గంటకి 4.4 యూనిట్లు. భాగిస్తే యూనిట్‌కి సుమారు 11,700 లీటర్లు.

ఇది మంచిదా, చెడ్డదా? దానికీ లెక్క ఉంది. ఒక యూనిట్ కరెంటు ఏ నష్టమూ లేకుండా నీటి మీదే ఖర్చయితే 3,67,000 లీటర్లని ఒక మీటరు ఎత్తగలదు. మీరు ఎన్ని మీటర్లు ఎత్తాలో దాంతో భాగించండి. మా డ్రెయిన్ నీటిమట్టం నుంచి చేనికి 4 మీటర్లు. అంటే యూనిట్‌కి 91,700 లీటర్లు రావాలి. నాకు వచ్చేవి 11,700. రూపాయి కరెంటులో 13 పైసలే నీళ్ళకి పోతున్నాయి. మిగతా 87 పైసలు వేడి, మోత, రాపిడి.

అసలు నూటికి నూరు ఎవడికీ రాదు. మంచి మోటారు 80, 85 పైసలు ఇరుసు దాకా అందిస్తుంది. దాంట్లో మంచి పంపు 60 పైన నీటికి అందిస్తుంది. పైపు కొంత తింటుంది. ఎలా చూసినా 13 మాత్రం దారుణం. ఎక్కడ పోతోందో వరసగా చూశాం.

మొదటిది, పంపు. నాది బావి కోసం తయారైన రకం. రేకు మీద చూస్తే ఇరవై మీటర్ల పైన ఎత్తడానికి చేసింది. నేను నాలుగు మీటర్లకి వాడుతున్నాను. ఇలాంటి సెంట్రిఫ్యూగల్ పంపుకి ఎత్తు తగ్గితే నీళ్ళు ఎక్కువ తోయబోతుంది, ఆంపియర్లు పెరుగుతాయి. ఎత్తు తక్కువైతే మోటారుకి సుఖం అనుకుంటాం. జరిగేది దానికి ఎదురు. మన డెల్టాలో మోటార్లు కాలడానికి ఇదొక పెద్ద కారణం. ఓల్టేజి పడిపోయిన రోజున ఇంక చెప్పక్కర్లేదు.

రెండోది, పైపు. మూడంగుళాల పాత ఇనప పైపు, లోపలంతా తుప్పు. మూడు చోట్ల ఎల్బోలు. చివర పైపు గట్టు కంటే మీటరు పైకి లేపి పోయించేవాణ్ణి, ధార బాగా కనపడుతుందని. ఆ మీటరు ఎత్తడానికీ కరెంటు పోతుంది.

మూడోది, ఫుట్‌వాల్వు. పాత పోత ఇనుము రకం. నాచు పట్టి సగం మూసుకుంది.

నాలుగోది, రీవైండింగు. కాలిన తీగ సులువుగా ఊడటానికి కొన్ని చోట్ల మంట పెట్టి కాలుస్తారు. దానివల్ల లోపలి రేకుల మధ్య ఉండే పూత దెబ్బతిని, ఆ తర్వాత మోటారు ఊరికే వేడెక్కుతుంది. తీగ గేజు తగ్గినా అంతే. తప్పు ఒక్క కట్టేవాడిదే అనను. 'సాయంత్రానికి కావాలి, తక్కువలో చెయ్యి' అని తొందర పెట్టేది మనమే.

మొత్తానికి అప్పు చేసి మార్చాను. తక్కువ ఎత్తుకి చేసిన 3 హెచ్.పి. మోనోబ్లాక్, నాలుగంగుళాల పీవీసీ పైపు, రాపిడి లేని ఫుట్‌వాల్వు, ఎల్బోలకి బదులు వంపు తక్కువుండే బెండు. పైపు మూతి చేనిలోకి దించాను. మళ్ళీ అదే ట్యాంకు, అదే మీటరు. 60 సెకన్లలో నిండింది. గంటకి 60,000 లీటర్లు. కరెంటు గంటకి 2.1 యూనిట్లు. యూనిట్‌కి 28,500 లీటర్లు. 13 పైసలు 31 అయ్యాయి. హెచ్.పి. తగ్గింది, నీళ్ళు పెరిగాయి, కరెంటు సగం కంటే తగ్గింది. రేకు మీద హెచ్.పి. పెద్దదైతే నీళ్ళు ఎక్కువ వస్తాయని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

ఒక జాగ్రత్త చెప్పాలి. పాత పెద్ద పంపు అలాగే ఉంచి పైపు ఒక్కటే మారిస్తే లోడు ఇంకా పెరగొచ్చు. మార్చాక ఆంపియర్లు చూసి, రేకు మీద ఉన్న అంకె దాటకుండా చూసుకోండి. స్టార్టరు డబ్బాలో మాత్రం మీరు చెయ్యి పెట్టకండి, తెలిసినవాళ్ళతోనే చేయించండి.

బిల్లు లేదు కదా, మనకెందుకు?

ఈ మాట మా రచ్చబండ దగ్గరే వచ్చింది. దానికి నా జవాబు మూడు ముక్కలు.

ఒకటి, కరెంటు ఉచితమే కానీ కాలిన మోటారు ఉచితం కాదు. ఇచ్చే గంటలు కూడా లెక్కే. తొమ్మిది గంటల్లో మూడెకరాలు తడిపే మోటారు, అదే తొమ్మిది గంటల్లో నాలుగు తడిపితే ఎవరికి లాభం?

రెండు, ట్రాన్స్‌ఫార్మర్ అందరిదీ. 3 హెచ్.పి.కి 1 కేవీఏఆర్, 5 హెచ్.పి.కి 2 కేవీఏఆర్ కెపాసిటర్ పెట్టుకోమంటారు. అది మీ మోటారు లోపలి నష్టాన్ని తగ్గించదు. లైన్లో పారే ఆంపియర్లు తగ్గించి, చివరి మోటారుకి ఓల్టేజి నిలబెడుతుంది. ఒక్కడు పెట్టుకుంటే ఏమీ తెలియదు, పదిమందీ పెడితే శివారు రైతు మోటారు కాలకుండా ఉంటుంది. ఆటో స్టార్టర్లు కూడా అంతే. కరెంటు రాగానే అన్ని మోటార్లూ ఒక్కసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఏమవుతుందో మనకి కొత్త కాదు. కాలవలో వంతు పెట్టుకున్నట్టు కరెంటుకీ వంతు పెట్టుకోవచ్చు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. మనం కొలవకపోతే లెక్క ఆగిపోలేదు. మన సేద్యానికి ఎంత కరెంటు కాలిందో ప్రతి ఏడూ లెక్క వేస్తూనే ఉన్నారు. కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర మీటర్లు పెట్టి, దాన్నిబట్టి అందరికీ అంచనా కడతారు. ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చేది ఆ అంచనా మీదే. అంటే మన పేరున ఒక అంకె ఉంది, అది మనం రాసింది కాదు. 2020లో శ్రీకాకుళం జిల్లాలో వ్యవసాయ కనెక్షన్లకి స్మార్ట్ మీటర్లు ప్రయోగంగా పెట్టినప్పుడు రైతులు భయపడ్డారు. మీటరు ఉండాలా వద్దా అన్నది వేరే చర్చ, దాంట్లోకి నేను వెళ్ళను. కానీ రేపు ఎవరైనా వచ్చి 'మీ మోటారు ఇంత తింటోంది' అంటే, 'లేదండీ, నాది ఇంత' అని చెప్పడానికి మన దగ్గర కూడా ఒక పుస్తకం ఉండాలి కదా.

ప్రభుత్వాలు ఊరికే కూర్చోలేదు. 2001లో ఇంధన పొదుపు చట్టం వచ్చింది. మరుసటి ఏడాది బీఈఈ అనే సంస్థ ఏర్పడింది. ఫ్రిజ్జుల మీద కనపడే నక్షత్రాలు వాళ్ళవే. ఆ నక్షత్రాలు పంపుసెట్ల మీద కూడా ఉంటాయి. తూర్పు గోదావరి జిల్లా రాజానగరం మండలంలో ఈఈఎస్ఎల్ అనే కేంద్ర సంస్థ 1,300కి పైగా పాత పంపుసెట్లు తీసి కొత్తవి పెట్టింది. మంచిదే. అయినా ఎవరో వచ్చి మార్చేదాకా ఆగితే మన వంతు ఎప్పుడొస్తుందో! పైగా ఎంత నక్షత్రాల పంపయినా ఎత్తుకి తగనిది కొంటే నా పాత కథే.

ఇంకొక సంగతి. మన నీళ్ళు మోటారు లేకుండా వస్తాయని గర్వంగా చెప్పుకునేవాళ్ళం. 2015లో పట్టిసీమ నుంచి గోదావరి నీళ్ళు కృష్ణలో కలిశాయి. అక్కడ 24 పంపులు కలిసి 8,500 క్యూసెక్కులు ఎత్తి పోలవరం కుడి కాలవలో పోస్తాయి. ఎగువ నుంచి కృష్ణ రాని రోజుల్లో పామర్రు చేలో నారు పచ్చగా ఉందంటే ఆ మోటార్ల పుణ్యమే. కాటన్ నాటి నుంచి పల్లానికి పారిన డెల్టా ఇప్పుడు కరెంటు మీద కూడా ఆధారపడింది. అక్కడ కరెంటుతో ఎత్తిన నీటినే కాలవ చివర మళ్ళీ మన మోటారుతో ఎత్తుతున్నాం. ఒకే నీటికి రెండుసార్లు కరెంటు. దాన్ని 13 పైసల మోటారుతో తోడటానికి ఇప్పుడు నాకు చెయ్యి రావడం లేదు.

ఒక పని చేద్దాం

కార్న్‌వాల్ గనులవాళ్ళు చేసినట్టే మనమూ చేద్దాం. మీ మోటారు హెచ్.పి., నీటిమట్టం నుంచి పైపు మూతి దాకా ఎన్ని మీటర్లు, వెయ్యి లీటర్ల ట్యాంకు ఎన్ని సెకన్లలో నిండింది, గంటకి ఎన్ని యూనిట్లు. ఈ నాలుగు అంకెలూ కింద రాయండి. మీటరు లేకపోతే మొదటి మూడైనా రాయండి. రేకు మీదున్న హెచ్.పి.ని బట్టి కరెంటు సుమారుగా లెక్క కడదాం. ఆ హెచ్.పి. మోటారు ఇచ్చే బలం, తినే కరెంటు దానికంటే ఎక్కువ ఉంటుందని మాత్రం మర్చిపోవద్దు. నెలనెలా అన్నీ వరసగా పెట్టి ఇక్కడే పోస్టు చేస్తాను. బాగా వచ్చినవాళ్ళ చేనికి వెళ్ళి చూద్దాం. తక్కువ వచ్చినవాళ్ళు సిగ్గుపడక్కర్లేదు, అందరికంటే ముందు నా 13 పైసలే పెట్టాను.

నాన్న పుస్తకంలో 1983 తర్వాత ఖాళీ కాగితాలు చాలా ఉన్నాయి. మొన్న రాత్రి అందులోనే రాశాను: తేదీ, 60 సెకన్లు, 2.1 యూనిట్లు, అరెకరం నారుమడి తడిసింది.

మీ లెక్క కోసం చూస్తుంటాను.